పులిసిన పిప్పి

జర్వా పల్లెలో గేదె ఎన్ని పాలిస్తుందో నిజం చెప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు. పొయ్యి మీద కుండెడు పాలు పొంగిన వాసన వీధి చివరిదాకా వస్తుంటుంది. అయినా ఆ ఇంటి ఇల్లాలు గడపలో నిలబడి, "దూడ నోరు తడవడానికే చాలడం లేదు తల్లీ" అంటుంది. విన్న ఆవిడ అయ్యో అని తల ఊపుతుంది. నమ్మి కాదు, రేపు తనూ అదే మాట చెప్పాలి కాబట్టి. పాల మాట గడప దాటిపోతే, దాని వెనకాలే కన్ను గడప లోపలికొస్తుంది. కన్ను పడ్డ గేదె మూడు రోజుల్లో ఒట్టిపోతుంది. ఇది ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఈ విద్యలో బసియూనీ ఊరందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. పాలు పితికే వేళకు కొట్టం తలుపుకు రెండు గడియలు వేసేవాడు. ఒకటి కన్ను పడకుండా. రెండోది తను ఎవరి కంటా పడకుండా.

అతని గేదె ఫుల్లా అతని భార్య నఫీసా చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పాలు చేపేది కాదు. నఫీసా పోయి మూడేళ్ళయింది. ఆమె పోయిన ఆ వారంలోనే ఫుల్లా పొదుగు రాయిలా గట్టిపడింది. దూడను వదిలినా, దాణా పెట్టినా, వీపు నిమిరినా ఒక్క చుక్క దించలేదు. చివరికి బసియూనీ భార్య నల్ల అంగీ తలమీంచి తొడుక్కుని, ఆమె ముసుగు చుట్టుకుని, ఆమె కూర్చునే చోట గొంతుక్కూర్చున్నాడు. గేదె అతని భుజం వాసన చూసింది. ఒక్క నిట్టూర్పు విడిచి చేపింది. ఆ రోజు నుంచి అరవై రెండేళ్ళ మగవాడు పూటపూటా చచ్చిపోయిన పెళ్ళాం అంగీలో కూర్చుని పాలు పితుకుతున్నాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదని అతని నమ్మకం. మనుషుల మీద అతనికి మిగిలిన ఒకే ఒక్క నమ్మకం అదే.

మే నెలాఖరుకు బర్సీం గడ్డి ఆఖరి కోత అయిపోయింది. మళ్ళీ పచ్చగడ్డి కంటపడాలంటే నవంబరు రావాలి. ఊరిని ఆనుకున్న సరస్సు ఒడ్డున ఉప్పు నేలల్లో ఎండాకాలం ఇంకేం మొలవదు. మధ్యలో ఉన్నదల్లా వరిగడ్డి. వరిగడ్డి తిన్న గేదె బతుకుతుంది, అంతే. ఫుల్లాకు ఆరు ఈతలయ్యాయి. ఆరోసారి ఈని అప్పటికి ఏడో నెల. ఇంకో ఎండాకాలం వరిగడ్డి మీద ఈడిస్తే ఒట్టిపోవడం ఖాయం. ఒట్టిపోయిన ముసలి గేదెను మంగళవారం సంతలో కొనేవాడు ఒక్కడే, కసాయి. ఇంట్లో నఫీసా చేతులు పెంచిన ప్రాణి అదొక్కటే మిగిలింది. దానికోసం మేత కావాలి. అతనికి వేరే కోరిక ఏదీ లేదు.

మేత లేక కాదు. ఊరికి ఆరు మైళ్ళలో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. ఆ ఉప్పు నేలలో పండే చక్కెర దుంపలన్నీ అక్కడికే పోతాయి. దుంప లోంచి తీపంతా పీల్చుకుని తెల్లటి తడి పిప్పిని ఫ్యాక్టరీ వెనకాల కొండలా పోస్తుంది. రెండేళ్ళ కిందట ఊరి జనం ఆ పిప్పిని ఊరికే వస్తోంది కదా అని బళ్ళమీద తోలుకొచ్చారు. ఎండకు మూడో రోజుకే అది నల్లగా బూజుపట్టింది. ఇత్మాన్ అనేవాడు పొదుపరి. బూజు పైపైన గీకేసి మిగతాది గేదెకు పెట్టాడు. గేదె పొట్ట ఉబ్బి తెల్లారేసరికి కాళ్ళు చాచింది. ఆనాటి నుంచి పిప్పి అంటే జర్వా పల్లె ఉమ్మేస్తుంది.

అలాంటి ఊళ్ళోకి ఆ పిప్పినే పట్టుకుని ఇన్‌సాఫ్ వచ్చింది.

ఇన్‌సాఫ్ పక్క ఊరి పిల్ల. వ్యవసాయ కాలేజీలో చదివి, కంటికి కనపడని జీవాల మీద పెద్ద పట్టా తీసుకుంది. అందరూ డాక్టరమ్మ అంటారు. బసియూనీ మాత్రం ఆమెను జగ్లూల్ కూతురు అంటాడు. పందొమ్మిదేళ్ళ కిందట కాలవలో బసియూనీ వంతు నీళ్ళను జగ్లూల్ ఒక పూట తన పొలానికి మళ్ళించుకున్నాడు. జగ్లూల్ చచ్చిపోయాడు. నీళ్ళు ఇంకిపోయాయి. బసియూనీ మరచిపోలేదు.

ఆమె ఫ్యాక్టరీ నుంచి తాజా పిప్పి తెప్పించి, తరిగిన వరిగడ్డి కలిపి, ఫ్యాక్టరీ మడ్డిలో పెంచిన ఏదో తోడు దానిమీద చల్లి, గాలి చొరకుండా నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మూడు వారాలు మూసిపెట్టింది. పది ఇళ్ళకు ఆరు వారాలపాటు ఆ మేత ఊరికే ఇస్తానంది. ఊరికే ఇస్తానన్న మాట వినగానే బసియూనీకి ఒళ్ళు జలదరించింది. ఊరికే వచ్చేవాటిలో అతనికి తెలిసినవి రెండే, జబ్బు, చుట్టం.

"ఇందులో ఏముంది?" అని అడిగాడు, సంచీ మూతి దగ్గర ముక్కు పెట్టి. కుళ్ళు వాసన రాలేదు. పాత ఊరగాయ జాడీ వాసన వచ్చింది.

"మంచి జీవాలున్నాయి బాబాయ్. పిప్పిలో పీచు తప్ప బలం ఉండదు కదా. ఈ జీవాలు ఆ పీచునూ మిగిలిన తీపినీ తిని ఒళ్ళు పెంచుకుంటాయి. గేదె ఆ ఒళ్ళు తింటుంది. అందులోంచి పాలొస్తాయి."

"అంటే నా గేదెకు పురుగులు మేపుతావు."

"పెరుగులో మాత్రం లేవా?"

"పెరుగు నా పెళ్ళాం తోడేసింది. ఇది నువ్వేశావు."

ఇన్‌సాఫ్ నవ్వేసింది. "పోనీ, మానెయ్యి బాబాయ్. నీ వంతు సబ్రియ్యా పిన్నికి ఇస్తా."

సబ్రియ్యా అతని గోడ పక్కింటి మనిషి. నాలుకకు ఎముక లేదు సరే, ఆమె నాలుకకు చర్మం కూడా లేదనిపిస్తుంది. ఆమె గేదెకు పోతుందన్న మాటతో బసియూనీ సంచీ భుజానికెత్తుకున్నాడు.

ఇంటికెళ్ళి గడియ వేసి, చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. పుల్లగా ఉంది. నమిలి మింగాడు. మర్నాడు తను చావలేదు కాబట్టి గేదెకు గుప్పెడు పెట్టాడు. ఫుల్లా గుప్పెడూ తిని, అతని అరచెయ్యి నాకి, ఇంకా ఏదీ అన్నట్టు గాడిలోకి చూసింది.

మొదటి వారం పాలలో తేడా లేదు. రెండు పూటలా కలిపి నాలుగు కిలోలు. గురువారం సాయంత్రం ఇన్‌సాఫ్ పుస్తకం పట్టుకుని గడపలోకి వచ్చి అడిగింది.

"ఎన్ని పాలు బాబాయ్?"

"మూడు."

రెండో వారం అయిదయింది. "మూడే" అన్నాడు. నాలుగో వారానికి ఆరు. ఆ గురువారం ఆమె అడిగేటప్పుడు, కన్ను తగలకుండా అనాల్సిన మాషాఅల్లా అనడం మరిచిపోయింది. కావాలనే మరిచిందా? "రెండున్నర" అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా. ఆరో వారానికి కుండలో ఏడు కిలోల పాలు నురగలు కక్కుతున్నాయి. ఫుల్లా చర్మం నూనె రాసినట్టు మెరుస్తోంది. బసియూనీకి నిద్ర పలచబడింది. గేదె మెడలో కన్ను పడకుండా కట్టిన నీలి పూస రోజుకు మూడుసార్లు తడిమి చూసుకునేవాడు.

"ఎన్ని పాలు బాబాయ్?"

"రెండు. అదీ దయతలిచి."

ఇన్‌సాఫ్ రాసుకుంది. వెనక పేజీలు తిప్పి మళ్ళీ చూసుకుంది. బసియూనీ చూశాడు, అదీ ఒక ఎత్తేనని అనుకున్నాడు.

అతనికి తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది, అది ఆమెకు తెలియదు. అతని కొట్టానికి మూడువైపులా మూడిళ్ళ కొట్టాలు ఆనుకుని ఉన్నాయి. పచ్చిటిక గోడలు, చెవి ఆనిస్తే అవతలి దూడ నెమరు కూడా వినిపిస్తుంది. నఫీసా పోయాక బసియూనీ సాయంత్రాలు ఆ గోడల దగ్గర తస్బీహ్ జపమాల పూసలు తిప్పుతూ కూర్చునేవాడు. ముసలాడికి భక్తి ముదిరిందని జనం అనుకున్నారు. పాలధార ఒక్కసారి చెంబులో పడితే ఒక పూస. తన గేదె దగ్గర పితికి చూసుకుని, ఎన్ని పూసలకు కిలో అవుతుందో ముందే కొలిచి పెట్టుకున్నాడు. పొరుగువాళ్ళు తనకంటే ఎంత దాస్తున్నారో తెలుసుకోకపోతే అతనికి అన్నం సయించదు.

ఆ పూసల ప్రకారం సబ్రియ్యా గేదె ఆరు వారాల్లో అయిదు నుంచి తొమ్మిదికి ఎక్కింది. ఉత్తరం గోడ తహానీ గేదె ఆరుకు వచ్చింది. వెనక గోడ ఇత్మాన్, ఒకసారి చేయి కాలినవాడు కాబట్టి అందరికంటే ఆలస్యంగా మొదలెట్టాడు. అతని కొత్త గేదె కూడా నాలుగు నుంచి ఏడుకు పోయింది.

ఏడో వారం సోమవారం మధ్యాహ్నం ఇన్‌సాఫ్ ఒంటరిగా వచ్చింది. పుస్తకం లేదు. గడప మీద కూర్చుంది, కూర్చోమని అతను అనకుండానే.

"మేతను గొర్రెల వాళ్ళకు అమ్ముకుంటున్నారా బాబాయ్?"

"ఏంటీ?"

"పది ఇళ్ళు. పదింట్లోనూ పాలు తగ్గాయి. ఒక్కచోట పెరగలేదు. గేదెలు చూస్తే అద్దాల్లా ఉన్నాయి. ఎక్కడికి పోతోంది నా మేత?"

"జగ్లూల్ కూతురు నన్ను దొంగ అంటోందన్నమాట. నీళ్ళు దొంగిలించిన వంశం, దొంగను గుర్తుపట్టకపోతుందా."

ఆ పోటు ఆమెకు తగిలింది. అయినా లేవలేదు. "మీరు నిజం చెప్పరని నాకు తెలుసు బాబాయ్. నేనూ ఇక్కడి పిల్లనే, మా అమ్మ కూడా పాల కుండ మీద గోనె కప్పేది. ముందు ఒక కిలో దాస్తే తర్వాతా ఒక కిలోనే దాస్తారు, పెరిగింది ఎంతో తేడాలో తేలిపోతుంది అనుకున్నా. అందుకే తూకం పట్టుకుని మీ కొట్టాల్లోకి రాలేదు. వస్తే అసలు మేతే తీసుకోరు కదా. ఇప్పుడు తేడా కిందికి పోయింది. నా తోడే చెడిందో, మీరే నన్ను ముంచారో తెలియట్లేదు." లేచి బట్టలు దులుపుకుంది. "బుధవారం ఫ్యాక్టరీ ఇంజనీరు వస్తున్నాడు. దుంపల కాలం ఇంకో పదిహేను రోజులే. పాలు పెరిగాయని తేలితే మిగిలిన పిప్పిని మీ ఊళ్ళోనే గుంటలు తీసి నవంబరుదాకా సరిపడా మగ్గబెడదాం అన్నాడు. తేలకపోతే అంతా ఎండబెట్టి గుళికలు చేసి ఓడెక్కిస్తారు. అవతలి దేశాల ఆవులు తింటాయి."

ఆమె వెళ్ళిపోయాక బసియూనీ గేదె మెడలో పూస మళ్ళీ తడిమాడు. చదువుకున్న పిల్ల ఎంత చిన్న సంగతి మరిచిపోయింది! పూరిపాకకు ఎవడైనా తాళం వేస్తాడా? బంగారం చేరిన ఇంటికే తాళం. నాలుగిచ్చే గేదెకు కిలో దాస్తే చాలు. ఏడిచ్చే గేదెకు అయిదు దాచాలి. పాలు పెరిగేకొద్దీ భయం పెరుగుతుంది, భయం పెరిగేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. పది ఇళ్ళూ అదే చేశాయి. ఆమె పుస్తకంలో పడింది పాలు కాదు, భయం.

చెప్పేద్దామా అనుకున్నాడు. వెంటనే, నేనే ఎందుకు చెప్పాలి అనుకున్నాడు. తొమ్మిదిచ్చే గేదె ఉన్నది సబ్రియ్యాకు. ముందు ఆమె నోరు తెరవాలి. ఇదే అనుమానంతో పది ఇళ్ళవాళ్ళూ మంగళవారమంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒక్కరూ పెదవి విప్పలేదు.

బుధవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత గ్రామపెద్ద చావడిలో అందరూ చేరారు. ఇంజనీరు వజ్దీకి కొత్తగా బట్టతల వస్తోంది. టీ గ్లాసు పట్టుకోగానే ఎంత చక్కెర వేశారో చూసుకున్నాడు. పక్కన ఇన్‌సాఫ్ తల వంచుకుని కూర్చుంది.

"పది ఇళ్ళ లెక్కా ఇక్కడుంది. ఎక్కడా పెరగలేదు. తప్పు రాశారేమో మీరే చెప్పండి. ఇత్మాన్, నీ గేదె?" అని అడిగాడు ఇంజనీరు.

"రెండు కిలోలండి. అదీ ఏడ్చుకుంటూ."

"ఏడ్చేది గేదా, నువ్వా?" అన్నాడు వెనకనుంచి ఒకడు. జనం నవ్వారు.

"సబ్రియ్యా?"

"మూడనుకుంటే మూడు, రెండనుకుంటే రెండు. మా గేదె మర్యాద తెలిసింది సార్. లేదని చెప్పదు, పెట్టదు."

"బసియూనీ? రెండని ఉంది."

బసియూనీ తస్బీహ్ పూస ఒకటి జరిపాడు. ఇంజనీరు ఒక క్షణం చూసి, కాగితం మడిచాడు. "సరే. డాక్టరమ్మ కష్టం వృథా అయింది. పిప్పి ఎల్లుండి నుంచి ఎండబెట్టేస్తాం."

అతను లేవబోయాడు. అందరూ లేవబోయారు. మంగళవారం సంత, దాని మూలన ఉండే కసాయి తాడు, బసియూనీ కళ్ళముందు కదిలాయి. ఆ తాడు అతను చాలాసార్లు చూశాడు. నల్లగా, జిడ్డుగా ఉంటుంది.

"నాది ఏడు" అన్నాడు.

గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగారు. ఎవరో గొణిగినట్టు మాషాఅల్లా అన్నారు.

"ఇందులో రెండని..." అన్నాడు ఇంజనీరు.

"నేనే చెప్పాను. అబద్ధం."

ఇన్‌సాఫ్ తల ఎత్తింది. ఇంజనీరు మళ్ళీ కూర్చున్నాడు, కానీ మొహంలో నమ్మకం లేదు. "మొన్నటి మాట అబద్ధమైతే ఇవాళ్టి మాట నిజమని ఏంటి లెక్క? పోనీ నిజమే అనుకుందాం. పదింట్లో ఒక్కటి. అది మేత గుణం కాదు, నీ గేదె గుణం."

బసియూనీ చుట్టూ చూశాడు. సబ్రియ్యా నేలచూపులు చూస్తోంది. తహానీ ముసుగు సర్దుకుంటోంది. ఇత్మాన్ టీ గ్లాసులో ఈగను వెతుకుతున్నాడు. ఎవరూ నోరు విప్పరని తేలిపోయింది. వాళ్ళ మీద అతనికి జాలి కలగలేదు. అతనికి అంత తేలిగ్గా కలగదు.

"సబ్రియ్యా గేదెది తొమ్మిది. పొద్దున అయిదు, సాయంత్రం నాలుగు. ముందు అయిదుండేది. తహానీది ఆరు, ముందు మూడున్నర. ఇత్మాన్‌ది ఏడు. ఆరు వారాల నుంచీ గోడకు చెవి పెట్టి పూసలమీద లెక్కపెట్టాను. ఒక్క ధార తప్పలేదు."

ఒక ఇంటి పాలను నలుగురిలో నోటితో చెప్పడం ఆ ఊళ్ళో ఎన్నడూ జరగలేదు. ఇంటికి నిప్పు పెట్టినవాణ్ణయినా పంచాయితీలో మాట్లాడించి పంపుతారు. పేరు పెట్టి అంకె చెప్పినవాడు ఆ ఇంటిమీదికి కన్నును తనే చెయ్యిపట్టి నడిపించుకొచ్చినట్టు. సబ్రియ్యా ఎగిరి లేచింది. కన్నును తిప్పికొట్టడానికి కుడిచెయ్యి అయిదు వేళ్ళూ విప్పి అతని మొహం మీదికి చాపింది.

"నీ కళ్ళలో పడ! నీ కళ్ళు కాలిపోను! తస్బీహ్ పట్టుకుని అల్లాను తలుస్తున్నావనుకున్నాం, నా గేదె చన్ను లెక్కపెడుతున్నావా ముసలోడా?"

"తొమ్మిది కాదా? కాదను."

"గోడ నీ వైపే పలచనా? మా వైపు మందమా?" ఆమె జనం వైపు తిరిగింది. "వీడి సంగతి వినండి! చచ్చిన పెళ్ళాం అంగీ తొడుక్కుని, ముసుగేసుకుని కూర్చుంటాడు పాలు పితకడానికి. 'రా బంగారూ, నేనే నఫీసాను' అంటాడు గేదెతో, గొంతు సన్నం చేసి! మూడేళ్ళ నుంచీ వింటున్నాం. పోనీలే పాపం అని నోరు మూసుకున్నాం."

నవ్వు మొదట చావడి మూలనుంచి వచ్చింది. తర్వాత అన్నివైపుల నుంచీ వచ్చింది. గ్రామపెద్ద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. ఇంజనీరు దగ్గాడు. బసియూనీ మెడ నుంచి చెవులదాకా కాలిపోయాయి. కాళ్ళు మాత్రం కదలలేదు.

"అవును" అన్నాడు. "తొడుక్కుంటాను. ఇప్పుడు పితికే వేళే. ఇంజనీరు గారూ, రండి. డాక్టరమ్మా, నీ తూకం తెచ్చుకో."

చావడి మొత్తం అతని వెనకాల నడిచింది, పెళ్ళి ఊరేగింపులా. కొట్టం తలుపు తీసే ఉంచాడు. అందరూ చూస్తుండగా నల్ల అంగీ తలమీంచి దించుకున్నాడు. ముసుగు చుట్టుకున్నాడు. బయట ఒకళ్ళిద్దరు ఇకిలించారు. ఫుల్లా అంతమందిని చూసి బెదిరి వెనక్కి జరిగింది. అతను గొంతుక్కూర్చుని నుదురు దాని డొక్కకు ఆనించాడు. రోజూ అనే మాటే అన్నాడు, రోజూ అనే గొంతుతోనే. బయట నవ్వులు ఆగిపోయాయి. ఎందుకాగాయో అతను తిరిగి చూడలేదు.

గేదె చేపింది.

ఇన్‌సాఫ్ కుండను కొక్కేనికి తగిలించి తూకం ముల్లు చూసింది. తను చదవకుండా చోటిచ్చి పక్కకు జరిగింది. ఇంజనీరే వంగి చదివాడు. "కుండ బరువు పోను మూడు కిలోల ఎనిమిది వందలు. ఒక్క పూట." ఆయనా పల్లెలో పుట్టినవాడే. "ఈని ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిదో నెల నడుస్తోంది. ఆరో ఈత."

"మామూలుగా జులైలో దీని మొహానికి ఇందులో సగం రావు" అన్నాడు ఇంజనీరు తనలో తను. తర్వాత పైకి, "రేపు పొద్దున, సాయంత్రం పది ఇళ్ళలోనూ తూకమే. నోటిమాట ఒద్దు. తూకానికి ఒప్పుకోని ఇంటికి పిప్పి లేదు" అన్నాడు.

పిప్పి లేదనేసరికి అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. పదింట్లో తొమ్మిదింట పాలు పెరిగినట్టే తేలింది. సబ్రియ్యా గేదె తొమ్మిది కాదు, తొమ్మిదింబావు. బసియూనీ పావుకిలో తప్పు లెక్కపెట్టినందుకు తనను తను తిట్టుకున్నాడు.

శుక్రవారం నుంచి ఫ్యాక్టరీ బళ్ళు రావడం మొదలైంది. కాలవ గట్టు వెంట గుంటలు తీశారు. గుంటలో జానెడు పిప్పి, పైన వరిగడ్డి, పైన ఇన్‌సాఫ్ చల్లే తోడు, మళ్ళీ పిప్పి. ప్రతి వరసనూ గాలి పోయేదాకా తొక్కాలి. వేలెడు గాలి మిగిలినా ఆ చోట బూజు పట్టి, గుంటంతా కుళ్ళిపోతుంది. అందుకే తొక్కడం ఒక్కరి పని కాదు. ఎనిమిది మంది మగాళ్ళు చేతులు పట్టుకుని, వరసగా, పాటెత్తుకుని తొక్కుతారు. ఒక ఇంటి గుంట అయ్యాక ఆ ఎనిమిది మందీ పక్కింటి గుంటలోకి దిగుతారు.

ఇత్మాన్ గుంట అయింది. తహానీ గుంట అయింది. సబ్రియ్యా గుంట దగ్గర ఆమె వండిన బాతు వాసన కాలవ అవతలికి వచ్చింది. ఎనిమిది మందీ తిని, చేతులు కడుక్కుని, బసియూనీ గుంట పక్కనుంచి నడుచుకుంటూ అవతలి గుంటకు వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఒకడు తన పిప్పి బండి మీద గోనె కప్పాడు, అతని చూపు పడకుండా. ఆ వారంలో ఇత్మాన్ దూడకు జ్వరం వచ్చింది. ఎవరివల్ల వచ్చిందో ఊళ్ళో ఒక్కరూ పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పనే లేకపోయింది.

ఇన్‌సాఫ్ డబ్బా పట్టుకుని వచ్చింది. గుంటలో అతనొక్కడే ఉండడం చూసి చెప్పులు విడిచింది.

"నేను దిగుతా బాబాయ్."

"వద్దు. నువ్వు నీ తోడు చల్లు."

"ఒక్కడివే ఎంతని తొక్కుతావు? గాలి మిగిలిపోతే?"

"ఎనిమిది మంది తొక్కితే ఎవడు సరిగ్గా తొక్కాడో ఎవడికి తెలుసు? ఒక్కణ్ణే అయితే తప్పు ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు."

ఆమె ఇంకేదో అనబోయింది. "అక్కడ చల్లలేదు" అని అతను మూల చూపించాడు. ఆమె చల్లింది.

పొద్దున్నుంచి మధ్యాహ్నపు జుహర్ నమాజు దాకా తొక్కాడు. జుహర్ అయ్యాక మళ్ళీ దిగి, మూలలు నమ్మక మడమలతో తొక్కాడు. మోకాళ్ళ దాకా తెల్లటి పిప్పి అంటుకుంది. ప్లాస్టిక్ కప్పి, అంచులమీద బురద మెత్తి, పైన పాత టైర్లు పేర్చాడు. తర్వాత ఒక టైరు మీద కూర్చున్నాడు. ఎవడైనా వచ్చి పుల్లతో ప్లాస్టిక్‌ను పొడిస్తే? ఒక్క చిల్లు చాలు, ఈ ఎండాకాలం అంతా కుళ్ళిపోవడానికి. సబ్రియ్యా చెయ్యగలదు. ఇత్మాన్ చెయ్యగలడు. గట్టు మీద ఎవరు నడిచినా తల తిప్పి చూశాడు. నడిచినవాళ్ళు తల తిప్పుకుని పోయారు.

ఎండ దిగేదాకా కాపలా కాశాడు. ఎవరూ రాలేదు. పొడవడానికీ రాలేదు, పలకరించడానికీ రాలేదు.